ఎదురింట్లో బావగారు, జెండా పట్టుకున్న కొడుకు

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక ఊరు. మావారిది ఒక పార్టీ, ఎదురింట్లో ఉండే మా బావగారిది ఇంకో పార్టీ. 2024 మే నెలలో పోలింగ్ అయిన రాత్రి మా వీధిలో రాళ్లు పడ్డాయి. మా కిటికీ అద్దం పగిలింది. ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు. అప్పట్నుంచి రెండిళ్లకీ మాటల్లేవు. మా అబ్బాయికి 21 ఏళ్లు. డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్నాడు. ఈమధ్య ఒక నాయకుడి వెంట తిరుగుతున్నాడు, ‘ఈసారి లెక్క తేలుస్తాం’ అని స్టేటస్‌లు పెడుతున్నాడు. పంచాయతీ ఎన్నికల మాట వింటేనే నాకు గుండెదడ. రాత్రి బైకు చప్పుడైతే లేచి కూర్చుంటున్నాను. ఎన్నికల ముందే అమ్మాయి పెళ్లి ఉంది. బావగారింటికి పిలుపు వెళ్లకూడదంటున్నారు మావారు. నేనేం చేయాలి?

జవాబు: మీ భయం ఉత్తిది కాదమ్మా. 2024 మే 13న పోలింగ్ తర్వాత మీ జిల్లాలో, తిరుపతి, అనంతపురం జిల్లాల్లో గొడవలు చెలరేగితే ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది. ఓట్ల లెక్కింపు అయ్యాక కూడా 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలను రాష్ట్రంలోనే ఉంచాలని చెప్పింది. అంత జరిగిన చోట ఉంటూ ‘అతిగా ఆలోచిస్తున్నావు’ అనిపించుకోవడం మీకు ఇంకా కష్టం. కాకపోతే మీ మనసులో మూడు భయాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కొడుకు ఏమైపోతాడోనన్నది ఒకటి, ఇంటి మీదికి ఎవరొస్తారోనన్నది ఇంకోటి, పెళ్లి ఎలా గట్టెక్కుతుందోనన్నది మూడోది. విడదీసి చూస్తే ఒక్కోదానికి చేయగలిగిన పని ఉంది.

ముందు అబ్బాయి సంగతి. చదువైపోయి ఖాళీగా ఉన్న కుర్రాణ్ని రాజకీయం లాక్కుపోయిందని మనం అనుకుంటాం కానీ, చాలామందిని లాగేది రాజకీయం కాదు, గుర్తింపు. ర్యాలీకి పెట్రోలు పోయిస్తారు, బిర్యానీ పొట్లం చేతికిస్తారు, నాయకుడు పేరు పెట్టి పిలుస్తాడు. ఒకరోజు సెంటర్లో కట్టిన ఫ్లెక్సీలో కింది వరుసలో గుండ్రంగా రూపాయి బిళ్లంత ఫొటో పడుతుంది. ఇంట్లో ‘ఎప్పుడూ ఆ ఫోనేనా’ తప్ప ఇంకో మాట వినని పిల్లాడికి ఆ ఫొటో ఎంత పెద్దదో ఊహించండి. ఆ తర్వాత వచ్చేది మొదటి కేసు. బెయిలుకు లాయర్ను నాయకుడే పెడతాడు. అక్కడితో పిల్లాడు ఇరుక్కుపోతాడు, ఆ రుణం తీర్చడానికి రెండో గొడవకు వెళ్లక తప్పదు. కాబట్టి మీ ప్రయత్నమంతా ఆ మొదటి కేసు పడకముందే జరగాలి.

ఇక్కడ తల్లిదండ్రులు చేసే పొరపాట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. నాయకుణ్ని తిడతారు. ఆ నాయకుడే తనకు విలువిచ్చాడనుకుంటున్న పిల్లాడికి అది తనను తిట్టినట్టే ఉంటుంది. ఫోను లాక్కుంటారు. వాడు ఇంకో సిమ్ వేసుకుంటాడు, అప్పటిదాకా మీకు కనపడుతున్న స్టేటస్‌లు కూడా కనపడకుండా పోతాయి. టీవీలో చర్చ చూసిన వేడిలోనే మాట్లాడతారు. మీరు మాట్లాడాల్సింది అన్నం తినేటప్పుడో, బండి మీద ఇద్దరూ ఏదైనా పనికి వెళ్తున్నప్పుడో. ఎదురెదురు కూర్చోబెట్టి కాదు. పార్టీ మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి దిగకండి. ‘లెక్క తేలుస్తామన్నావు కదా నాన్నా, ఎవరి లెక్క? పెదనాన్నదా? ఆయన కొడుకు, మీ అన్నయ్యదా?’ అని అడిగి ఆగండి. జవాబు చెప్పకపోయినా ఫర్వాలేదు. స్టేటస్‌లో ‘వాళ్లు’ అన్న చోట అన్నయ్య మొహం కనపడటం మొదలైతే చాలు. రెండో రోజో మూడో రోజో మీ గీత కూడా చెప్పండి: ‘ఓటు నీ ఇష్టం, జెండా నీ ఇష్టం. కర్ర పట్టుకుంటే మాత్రం నేనొప్పుకోను.’ ఇదే మాట వాళ్ల నాన్న కూడా అనాలి. ఆయన మగపిల్లాడి పౌరుషాన్ని మెచ్చుకుంటూ ఉంటే మీ మాట గాల్లో కలిసిపోతుంది. కాబట్టి ముందు ఆయనతో విడిగా మాట్లాడుకోండి.

చట్టం సంగతి వాడికి భయపెట్టినట్టు కాకుండా విషయం చెప్పినట్టు చెప్పండి. ‘నేను కొట్టలేదు, వెనక నిలబడ్డానంతే’ అన్న మాట నిలవదు. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది నేరం చేసే ఉద్దేశంతో గుమికూడితే, ఆ ఉద్దేశంతో ఒకరు చేసిన నేరానికి గుంపులో ఉన్న అందరూ బాధ్యులే. భారతీయ న్యాయ సంహిత 190వ సెక్షన్ చెప్పేది అదే. అల్లర్ల కేసుకు రెండేళ్ల దాకా, చేతిలో ప్రాణాంతకమైన ఆయుధం ఉంటే ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కులం పేరుతోనో మతం పేరుతోనో ద్వేషం రెచ్చగొట్టే పోస్టుకు 196వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా ఉంది. ఇక పాస్‌పోర్టుకూ ప్రభుత్వోద్యోగానికీ పోలీసు వెరిఫికేషన్ జరిగినప్పుడు పెండింగు కేసు బయటికొస్తుంది. ఆరోజు లాయర్ ఫీజు కట్టిన నాయకుడు ఆ కాగితం మీద సంతకం పెట్టలేడు.

ఎన్నికల ముందు మండల ఆఫీసు నుంచి బైండోవర్ పిలుపు వస్తే కంగారు పడకండి. అది శిక్ష కాదు, నేరం రుజువైనట్టూ కాదు. గొడవ చేయనని తహసీల్దారు ముందు రాసిచ్చే పూచీకత్తు, గరిష్ఠంగా ఏడాది. వెళ్లి చదివి సంతకం పెట్టాలి, నకలు దాచుకోవాలి. గడువులోగా గొడవలో దొరికితే రాసిచ్చిన డబ్బు కట్టాల్సి వస్తుందని కూడా తెలిసుండాలి. పోలీసు స్టేషన్ నుంచి హాజరు కమ్మని నోటీసు వస్తే ఊరు విడిచి పారిపోనివ్వకండి, అది మెడకు చుట్టుకుంటుంది. వకీలును తీసుకుని వెళ్లాలి. మీ పేరున అయితే వకీలు ఉచితం. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ న్యాయసేవాధికార సంస్థ వకీలును ఇస్తుంది, ఫోన్ నంబరు 15100.

స్టేటస్‌లు పెట్టేవాళ్లందరూ కర్ర పట్టుకోరు. నోటి దురుసుతనాన్నీ అసలు ప్రమాదాన్నీ వేరు చేసి చూడండి. ‘ఆళ్ల సంగతి చూస్తాం’ అనడం వేరు, ఒక మనిషి పేరు, ఒక చోటు, ఒక రోజు కలిపి చెప్పడం వేరు. ఖాళీ సీసాలు, పైపు ముక్కలు, కర్రలు బండి దగ్గరో కొట్టంలోనో చేరుతున్నా, ఉన్నట్టుండి చాట్‌లన్నీ చెరిపేస్తున్నా, ఒక్కరాత్రికే రెండు మూడుసార్లు పిలుపులొచ్చి బయటికెళ్తున్నా ఆలస్యం చేయకండి. పోలింగుకు రెండు రోజుల ముందే మేనమామ ఇంటికో, విజయవాడలో పనుందనో ఊరు దాటించండి. ఫలితం వచ్చిన మర్నాడు దాకా రానివ్వకండి. ఎవరి మీదికైనా వెళ్తున్నారని కచ్చితంగా తెలిస్తే 112కు చెప్పాలి. కొడుకు మీద ఫిర్యాదు చేసినట్టవుతుందని గుండె పీకుతుంది. కానీ ఆ రాత్రి గుంపు బయల్దేరకుండా ఆగిపోతే వాడి మీద హత్యాయత్నం కేసు పడదు.

రోజుల లెక్క కూడా చూసుకోండి. 2024లో పోలింగుకూ లెక్కింపుకూ మధ్య 22 రోజులున్నాయి. పంచాయతీకి అలా ఉండదు. 2021 ఫిబ్రవరిలో మధ్యాహ్నం మూడున్నరకు పోలింగు ఆపి నాలుగింటికి లెక్కింపు మొదలుపెట్టారు, అదే రాత్రికి సర్పంచ్ ఎవరో తేలిపోయింది. పార్టీ గుర్తులుండవు కాబట్టి ప్రశాంతంగా జరుగుతాయని పట్నంలో అనుకుంటారు. ఒక్కో వార్డులో ఉండేదే కొన్ని వందల ఓట్లు, ఎవరు ఎటు వేశారో వేళ్ల మీద లెక్కేస్తారు. అందుకే ఆ సాయంత్రం, ఊరేగింపు తిరిగే రెండు మూడు గంటలు, మీరు జాగ్రత్తపడాల్సిన సమయం.

ఇంటికి సంబంధించి ముందురోజే చేసుకోవాల్సినవి కొన్ని. పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల మార్కుల మెమోలు, అమ్మాయి బంగారం, అత్తగారి బీపీ మాత్రలు వారానికి సరిపడా ఒకే సంచిలో. ఇంట్లో సీసాల్లో పెట్రోలు ఉంటే తీసేయండి. గడ్డివాము గోడకు ఆనుకుని ఉంటే దూరంగా జరిపించండి. ఊరు విడిచి వెళ్లమంటే ఆడవాళ్లు కదలనిది ఎక్కువగా గేదెల కోసమే. రెండు పూటలా పాలు పితికేదెవరో, ఏ పార్టీకీ చెందని ఒక మనిషితో ముందే మాట్లాడి పెట్టుకోండి. గుంపు వస్తే వీధివైపు గదిలో ఉండొద్దు. లైట్లు ఆర్పి వెనక గదిలో కూర్చుని 112కు ఫోన్ చేసి, ఊరు పేరుతో పాటు గుడో, వాటర్ ట్యాంకో గుర్తు చెప్పండి. మేడ మీదికెక్కి వీడియో తీయడం మాత్రం వద్దు. రాయి ముందు అటే వస్తుంది. తలుపు సందులోంచో సీసీ కెమెరాలోనో ఏదైనా రికార్డైతే గ్రూపుల్లో పంపకుండా అసలు ఫైలు అదే ఫోన్లో ఉంచండి. కోర్టులో చూపించాలంటే దానికి సర్టిఫికెట్ జతచేయాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే అదే కాగితాన్ని ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. ఎఫ్ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి.

మీరు ఉత్తరంలో రాయని మనిషి ఒకరున్నారు, మీ తోడికోడలు. ఇలాంటి ఊళ్లలో రెండో రాత్రి గొడవ ఎక్కువసార్లు ఒక పుకారుతో మొదలవుతుంది: ‘మనోణ్ని కొట్టారంట’. మనోడు ఇంట్లో అన్నం తింటూ ఉంటాడు, ఈలోగా ఇరవైమంది బయల్దేరతారు. పోలింగు ముందే మీరిద్దరూ ఒక మాట అనుకోండి. ఏ వార్త వచ్చినా మగవాళ్లు గడప దాటేలోపు ఒకరికొకరు ఫోన్ చేసుకోవాలి. ‘అక్కా, అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడా?’ అంతే, పది సెకన్ల మాట. మీ ఇంట్లో ఒక ఛానల్, వాళ్లింట్లో ఇంకో ఛానల్ నడుస్తుంటాయి కాబట్టి నిజమేంటో రెండిళ్లకీ తెలిసే దారి ఈ ఫోనొక్కటే. ‘పల్నాడు రక్తంలోనే ఉంది, ఇక్కడ ఇంతే’ అని ఎవరైనా అంటే నమ్మకండి. కోడిపందెం, యుద్ధం గుర్తుపెట్టుకున్న ఈ నేలే, అన్ని కులాలవాళ్లనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడునూ గుర్తుపెట్టుకుంది.

పెళ్లికి పిలవాలి. పెళ్లికూతురికి ఆయన పెదనాన్న. ఇప్పుడు పిలవకపోతే ఆ లోటు మనవళ్ల దాకా సాగుతుంది. మీవారిని వెళ్లమని బలవంతపెట్టకండి, ఆయన మాట పడ్డారు. అమ్మాయిని వెంటబెట్టుకుని మీరే వెళ్లి తోడికోడలికి బొట్టు పెట్టి పిలవండి. రాళ్ల సంగతి ఆ గడపలో ఎత్తొద్దు. వస్తారా రారా అన్నది వాళ్లిష్టం. పెళ్లిలో నిజంగా నిప్పు రాజేసేవి రెండే. నాయకుల బొమ్మలతో ఫ్లెక్సీ ఒకటి, ఎదురింటి ముందు ఆగి పార్టీ పాట వేసే డీజే ఊరేగింపు రెండోది. ఫ్లెక్సీలో వధూవరులు, తాతలు తప్ప ఎవరూ ఉండకూడదని, డీజే ఆ వీధిలోకి రాకూడదని ఇప్పుడే తేల్చుకోండి. అబ్బాయి స్నేహితులు సరదాకని చేసే పని అది. కాబట్టి ఆ బాధ్యత అబ్బాయికే అప్పగించండి.

మిగిలింది మీ నిద్ర. రాయి పడిన రాత్రి నుంచి బైకు చప్పుడుకు ఉలిక్కిపడటం మీ పిరికితనం కాదు, ఒళ్లు ఇంకా కాపలా కాస్తోంది. అలాంటి ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే వైద్యం చేయించుకోవాలి, వైద్యంతో తగ్గుతుంది కూడా. మీకు ఆ నెల ఎప్పుడో దాటిపోయింది. టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. గుండెదడకు ఒకసారి ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. వార్తలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. రాత్రి ఎనిమిది తర్వాత చర్చలు వద్దు. వాట్సాప్‌లో వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా సెట్టింగ్ మార్చుకుని, ఊరి గ్రూపులను మ్యూట్‌లో పెట్టండి. ఫోను మోగేలాగే ఉంచండి, తోడికోడలి నుంచి ఆ కాల్ రావొచ్చు.

పగిలిన ఆ అద్దం ఇప్పటికీ వేయించకపోతే పెళ్లి సున్నాలప్పుడు వేయించేయండి. ముందుగా మాత్రం రేపు పొద్దున పాలకేంద్రం దగ్గర తోడికోడలు కనపడితే, ‘అక్కా, అమ్మాయికి ముహూర్తం కుదిరింది’ అని చెప్పండి. అంతకుమించి ఆరోజుకు ఇంకేమీ మాట్లాడక్కర్లేదు.