రీ: మాక్రోఫేజ్‌లలో ఎల్‌సీ3-2 పెరిగితే ఆటోఫజీ పెరిగినట్టేనా?
మాక్రోఫేజ్‌లకు (సూక్ష్మజీవుల్ని మింగే రోగనిరోధక కణాలు) ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొరలోని పదార్థం), క్లోరోక్విన్ కలిపి ఇచ్చాక వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను చారలుగా చూపే పరీక్ష) ఎల్‌సీ3-2 (ఆటోఫాగోజోమ్ పొరకు అతుక్కునే ప్రోటీన్) బ్యాండ్ చిక్కబడిందన్నారు కదండీ, ఆ ఒక్క బ్యాండ్ చూసి ఆటోఫజీ (కణం తన లోపలి చెత్తను తానే అరిగించుకోవడం) పెరిగిందని రాసేయకండి. క్లోరోక్విన్ ఆటోఫాగోజోమ్‌ను (చెత్తను చుట్టుకునే సంచి) లైసోజోమ్‌తో (దాన్ని అరిగించే సంచి) కలవనివ్వదు. చెత్తబండి రాని వీధిలా సరుకు పేరుకుంటుంది, అంతే.

బ్లాట్‌లో నాలుగు లేన్లు (నమూనాల వరుసలు) వేయండి: ఏదీ లేకుండా, ఎల్‌పీఎస్ ఒక్కటే, బాఫిలోమైసిన్ (ఇదీ లైసోజోమ్‌లో అరుగుదలను ఆపేదే) ఒక్కటే, రెండూ కలిపి. బాఫిలోమైసిన్ ఒక్కటే ఇచ్చినదానికన్నా రెండూ కలిపిన లేన్‌లో బ్యాండ్ ఎక్కువుంటేనే ఆటోఫాగోజోమ్‌ల తయారీ పెరిగినట్టు. బాఫిలోమైసిన్ చివరి కొద్ది గంటలే ఉంచండి, లేకపోతే కణాలు చస్తాయి.

పీ62 (ఆటోఫజీలో చెత్తతోపాటు అరిగిపోయే ప్రోటీన్) తగ్గలేదని టెన్షన్ వద్దు. మాక్రోఫేజ్‌లలో ఎల్‌పీఎస్ దాని జన్యువునే ఎక్కువ పనిచేయిస్తుంది, కాబట్టి దాని ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు నుంచి వచ్చే నకలు) కూడా కొలవండి. తర్వాత బ్యాక్టీరియా ఇచ్చి చూసే ఆలోచన ఉంటే మాత్రం జాగ్రత్త: ఎల్‌సీ3 మామూలు ఫాగోజోమ్ (మింగిన బ్యాక్టీరియా ఉండే సంచి) పొర మీదికీ చేరుతుంది, ఏటీజీ13 (ఆటోఫజీ మొదలవడానికి కావాల్సిన ప్రోటీన్) తీసేసినా ఆ దారి ఆగదు.