పిఠాపురం పేరు ఆ జాబితాలో ఎందుకు లేదంటే

"కాకినాడ దగ్గర మా తాతగారి ఊరు పిఠాపురం సంస్థానంలోదే, మరి 1947 నాటి స్వదేశీ సంస్థానాల జాబితాలో ఆ పేరే లేదేం?" అని అడిగారు కదండీ. ఉండదు. జనం సంస్థానం అన్నా అది జమీందారీయే. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి కింద రాజావారు కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, పేష్కష్ (ఏటా కట్టే స్థిరమైన శిస్తు) కట్టేవారు. కోర్టులూ పోలీసులూ తెల్లవాళ్లవే. నైజాం సంగతి వదిలేస్తే తెలుగునాట అసలైన సంస్థానం బనగానపల్లె. బుల్లిదే, అయినా నవాబుగారికి 9 తుపాకుల సలాము! 1948లో కర్నూలు జిల్లాలో కలిసింది. పిఠాపురం మాత్రం 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయింది. అందుకని విలీన ఒప్పందాల్లో వెతక్కండి. భూమి వివరాలే కావాలంటే తహసీల్దారు ఆఫీసులో ఆ ఊరి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (సెటిల్‌మెంట్ నాటి భూముల రికార్డు) నకలు అడగండి.