గంటకో డాలర్ పెంచుతామంటే యూనియన్ ఎందుకు ఒప్పుకోదు?

ప్రశ్న: లాస్ ఏంజెలెస్‌లో మేం వెళ్లే సూపర్ మార్కెట్‌లో సమ్మెకు ఓటింగ్ జరుగుతోందట. కంపెనీ గంటకో డాలర్ పెంచుతానంటోంది కదా, ఇంకా ఎందుకీ పట్టుదల?

జవాబు: ఆ డాలర్‌ని కాసేపు పక్కన పెట్టండి. కిరాణా గొలుసు కొట్ల కాంట్రాక్టుల్లో అసలు పేచీ మూడు చోట్ల ఉంటుంది: వారానికి ఎన్ని గంటలు పని ఇస్తారు, ఇన్సూరెన్స్ ఫండ్‌కి ఎంత కడతారు, రేపు చేరబోయేవాళ్లకి ఏ స్కేలు.

పార్ట్‌టైమ్ క్యాషియర్‌కి గంటకు 18 డాలర్లు, వారానికి 28 గంటలు అనుకుందాం. చేతికొచ్చేది 504. రేటు 19 చేసి గంటలు 24కి కోస్తే 456. గంట రేటు పెరిగింది, వారానికి 48 డాలర్లు పోయాయి. పేపర్లో మాత్రం "గంటకో డాలర్ పెంపు" అనే వేస్తారు. అందుకే కనీస గంటల గ్యారంటీ కాగితం మీద రాకుండా రేటు గురించి ఎంత మాట్లాడినా దండగే. పైగా చాలా కాంట్రాక్టుల్లో జీతం మెట్లు నెలల లెక్కన కాదు, పనిచేసిన గంటల లెక్కన ఎక్కుతారు. మెట్టుకి 1,000 గంటలనుకుంటే, వారానికి 40 గంటలు చేసేవాడు 25 వారాల్లో ఎక్కేది 20 గంటలవాడికి 50 వారాలు పడుతుంది.

ఇన్సూరెన్స్ ఇంకా మెలిక. చాలాచోట్ల వైద్యం ఖర్చు కంపెనీ నేరుగా పెట్టుకోదు. కంపెనీ, యూనియన్ సమాన సంఖ్యలో ట్రస్టీలుగా ఉండే ఒక ఫండ్ ఉంటుంది. పనిచేసిన ప్రతి గంటకీ ఇంత అని కంపెనీ అందులో వేస్తుంది. "ఇంతకు మించి వేయం" అని గీత గీసిందా, ఆస్పత్రి ఖర్చులు పెరిగినప్పుడు ఫండ్‌కి రెండే దారులు: కవరేజీ కొయ్యాలి, లేదా ఉద్యోగి జేబులోంచి లాగాలి. చెడ్డపేరు కూడా ట్రస్టీల మీదికే పోతుంది, కంపెనీకి అంటదు.

మీ ఊళ్లోనే 2003లో సరిగ్గా ఇదే జరిగింది. అక్టోబర్ 11న కిరాణా కొట్ల ఉద్యోగుల యూనియన్ యు.ఎఫ్.సి.డబ్ల్యు. సేఫ్‌వే వారి వాన్స్ కొట్ల మీద సమ్మె ప్రకటించింది. మర్నాటికల్లా పోటీ గొలుసు కొట్లు రాల్ఫ్స్, ఆల్బర్ట్‌సన్స్ తమ ఉద్యోగుల్ని లాకౌట్ చేశాయి, అంటే పనిలోకి రానివ్వలేదు. మూడూ ముందే కూడబలుక్కున్నాయి: ఒకరికి నష్టమొస్తే మిగతావాళ్లు ఆదాయంలో వాటా పంచుకోవాలని. వీధిన పడింది 60, 70 వేల మంది. కంపెనీలు ఫుల్ పేజీ ప్రకటనలు వేసి జనానికి చెప్పిందేమిటి? "మేం అడిగేది ఇన్సూరెన్స్‌కి వారానికి 5 డాలర్లు, కుటుంబానికైతే 15. అంతే." ఆ పక్కనే ఉన్న ఫండ్ మీద గీత సంగతీ, కొత్తవాళ్లకి వేరే స్కేలు సంగతీ ప్రకటనలో పట్టలేదు పాపం.

అక్టోబర్ 31న యూనియన్ ఓ పని చేసింది. జనానికి ఇబ్బంది తగ్గిద్దామని రాల్ఫ్స్ ముందున్న పికెట్లు, అంటే లోపలికి వెళ్లొద్దని గుమ్మం దగ్గర నిలబడే బృందాల్ని, తీసేసింది. జనం ఎగబడి అక్కడికే వెళ్లారు. లోపల గల్లాపెట్టె దగ్గర ఉన్నది లాకౌట్ అయినవాళ్ల చోట పెట్టుకున్న తాత్కాలికులు. రాల్ఫ్స్‌కి అదనంగా వచ్చిన డబ్బులో వాటా ఎవరికి పోవాలి? ఒప్పందం ప్రకారం వాన్స్‌కీ, ఆల్బర్ట్‌సన్స్‌కీ. ఆ సమ్మె 141 రోజులు సాగి 2004 ఫిబ్రవరి 29న ముగిసింది. నన్నడిగితే అది ఓడిపోయింది ఫిబ్రవరిలో కాదు, ఆ అక్టోబర్ 31నే. గంటలు పనిచేయకపోతే ఫండ్‌కి డబ్బు రాదు కాబట్టి, నెలలు గడిచేకొద్దీ ఇన్సూరెన్స్ కూడా కరిగిపోతుంది. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లు ఎన్నాళ్లు నిలబడతారు?

చివరికి కొత్త కాంట్రాక్టుకి ఓటేసినవాళ్లలో 86 శాతం సరేనన్నారు. పాత క్యాషియర్ గరిష్ఠ రేటు గంటకు 17.90 డాలర్లు, కొత్తగా చేరేవాళ్లకి 15.10 దగ్గరే ఆగిపోయేలా రాసుకున్నారు. వాళ్లకి ఇన్సూరెన్స్ రావడానికి ఏడాదికి పైగా ఎదురుచూపు. ఒకే కౌంటర్, ఒకే పని, రెండు జీతాలు. పాతవాళ్ల గంటలు కోసి, చవగ్గా దొరికే కొత్తవాళ్లకిస్తే మేనేజర్‌కి లాభం. దీన్ని వెనక్కి తిప్పడానికి 2007 కాంట్రాక్టు దాకా పట్టింది. లాకౌట్ రోజుల్లో రాల్ఫ్స్ తాను బయట పెట్టినవాళ్లలోనే కొందర్ని దొంగ పేర్లతో, దొంగ సోషల్ సెక్యూరిటీ నంబర్లతో పనిలోకి తీసుకున్న కేసు వేరే. 2006లో నేరం ఒప్పుకుని 7 కోట్ల డాలర్లు కట్టింది.

ఇక ఓటింగ్ సంగతి. సమ్మె ఓటు అంటే సమ్మె కాదు, బేరంలో పెట్టే ముక్క. "చర్చలు విఫలం" అని హెడ్డింగ్ చూసి కంగారుపడి రెండు నెలల సరుకులు కొనేసే వాట్సాప్ గ్రూపులవాళ్లకి ఎన్నిసార్లు చెప్పాలో. నిజంగా చూడాల్సింది పొడిగింపు ఒప్పందాన్ని. కాంట్రాక్టు గడువు తీరినా పాత జీతం, పాత షరతులు మామూలుగా నడుస్తూనే ఉంటాయి. పోయేది "సమ్మె చేయం" అన్న హామీ. అందుకే ఇరుపక్షాలూ పొడిగింపు రాసుకుంటాయి, రద్దు చేయాలంటే ఇన్ని గంటల ముందు చెప్పాలని. 2011లో అక్కడే యూనియన్ 72 గంటల నోటీసిచ్చింది. అయినా సమ్మె లేకుండానే ఒప్పందం కుదిరింది.

సమ్మె జరిగితే దానికి ఏ పేరు పెట్టారో చూడండి. కేవలం జీతాల కోసమైతే కంపెనీ శాశ్వతంగా వేరేవాళ్లని పెట్టుకోవచ్చు, 1938 నుంచి అమెరికా సుప్రీంకోర్టు మాట అదే. కంపెనీ కార్మిక చట్టాన్ని ఉల్లంఘించినందుకు చేసే సమ్మెలో అలా కుదరదు, అడిగితే పాత ఉద్యోగం తిరిగి ఇవ్వాల్సిందే. 2022 జనవరిలో డెన్వర్ దగ్గర కింగ్ సూపర్స్ అనే గొలుసు కొట్ల సమ్మెను యూనియన్ ఈ రెండో పేరుతోనే నడిపింది. 8 వేల మందికి పైగా దిగారు, పదో రోజుకి ఒప్పందం కుదిరింది.

ఒప్పందం కుదిరాక ఒక పేజీ సారాంశం బయటికొస్తుంది. మొదటి వరుసలో డాలర్లుంటాయి. కిందికి దిగి "ఈ తేదీ తర్వాత చేరినవారికి" అని మొదలయ్యే వాక్యం ఉందేమో వెతకండి. మీ అబ్బాయి వేసవిలో అక్కడ పార్ట్‌టైమ్ చేరాలనుకుంటే వాడి జీతం ఆ వాక్యంలోనే ఉంటుంది. ఈలోగా సరుకులకి పక్క గొలుసు కొట్టుకి వెళ్లాలనుకుంటే, వాళ్లూ ఇదే బేరంలో కూర్చున్నారేమో ఓసారి కనుక్కోండి.