గాజు మీద మూత ఎత్తి చూడు

చిరంజీవి మేనకోడలికి,

ఉద్యోగంలో చేరడానికి సర్టిఫికెట్లు, ఆధార్, పాన్, పాసుబుక్కు అన్నీ బయట కాపీలు తీయించాలని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇరవై రెండేళ్లు జిరాక్స్ షాపు నడిపినవాడిని కదా, కౌంటరుకు ఇవతలి నుంచి చూసినవి నీకు రాయాలనిపించింది.

షాపు అతను దొంగ అనుకోకు. నీ కాగితం చదివే తీరిక అతనికి ఉండదు. పరీక్ష ఫీజు ఆఖరి రోజున పాతికమంది చేతులు చాచి నిలబడితే, ఏ కాగితం ఎవరిదో చూసే ఓపిక నాకూ ఉండేది కాదు. పొరపాట్లన్నీ ఆ హడావిడిలోనే జరుగుతాయి.

నల్లబడినవి, వంకరగా వచ్చినవి ఒక అట్టపెట్టెలో పడేసేవాళ్లం. నెలకోసారి కిలోల లెక్కన పాత కాగితాలు కొనేవారికి అమ్మేసేవాళ్లం. ఒక సాయంత్రం బజ్జీలు తెప్పించుకుంటే, పొట్లం కట్టిన కాగితం మా వీధి టీచరుగారి పాసుబుక్కు మొదటి పేజీ! ఖాతా నంబరు, ఫోటో, సంతకం అన్నీ నూనె మరకల్లోంచి కనిపిస్తున్నాయి. అది నా పెట్టెలోంచి పోయిందే. ఆ బజ్జీలు గొంతు దిగలేదు. పాడైన కాపీని నువ్వే అడిగి తీసుకో, మొహమాటపడకు.

కంప్యూటర్ నుంచి ప్రింటు తీసేటప్పుడు ఇంకో చిక్కుంది. కాగితం ఇరుక్కుంటే మిషన్ ఆగుతుంది గానీ, నీ ఫైలు వరసలో అలాగే కూర్చుంటుంది. నువ్వు విసుగెత్తి పక్క షాపుకు వెళ్లిపోతావు. అతను ఇరుక్కున్న కాగితం లాగేయగానే నీ జీతం వివరాలు తరువాత వచ్చిన మనిషి చేతిలో పడతాయి. ప్రింటు రాకుండా వెళ్లాల్సి వస్తే, ఆ వరసలోంచి నీ ఫైలు తీసేయించి మరీ కదులు.

ఇప్పుడు అందరూ షాపు నంబరుకు వాట్సాప్ చేసేస్తున్నారు. తరువాత నీ ఫోనులో తుడిచేసినా, అతని కంప్యూటర్‌లోకి దిగిన కాపీ అక్కడే ఉంటుంది. పెన్‌డ్రైవులో ఆ ఒక్క ఫైలే వేసుకుని వెళ్లు. మెయిలు తెరవక తప్పకపోతే లాగవుట్ చేసి, డౌన్‌లోడ్స్‌లోనూ రీసైకిల్ బిన్‌లోనూ తీసేయించాకే డబ్బివ్వు. డబ్బు చేతిలో పడ్డాక ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. నేనూ చూసేవాడిని కాదు.

నెట్‌లోంచి దించుకునే ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉందిగా అంటావేమో. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. షాపుల్లో కూర్చునే కుర్రాళ్లకు అది కంఠతా. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైటులో మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. 2022 మే నెలలో వాళ్ల బెంగళూరు కార్యాలయం కాపీలు ఎక్కడపడితే అక్కడ ఇవ్వవద్దని ప్రకటించింది, రెండు రోజులకే కేంద్ర ప్రభుత్వం ఆ ప్రకటనను ఉపసంహరించుకుంది. వాళ్ల సంగతి ఎలా ఉన్నా, అడిగినవాళ్లు సరేనంటే నువ్వు మాస్క్‌డ్ కాపీయే ఇవ్వు. ఇచ్చే ప్రతి కాపీ మీద అడ్డంగా, ఎందుకు ఇస్తున్నావో రాసి, తేదీ వేసి సంతకం చెయ్యి.

మీ నాన్నగారి స్థలం దస్తావేజు మాత్రం బయట ఇవ్వకు. దాని మీద వేలిముద్రలున్నాయి. 2018లో తెలంగాణలో ఒకతను రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. సంక్రాంతికి తీసుకురా, నా పాత మిషన్ ఇంకా పనిచేస్తోంది.

అన్నట్టు, కాపీలు లెక్కపెట్టుకునే తొందరలో అసలు కాగితాన్ని మరిచిపోతారు. డబ్బిచ్చే ముందు మూత ఎత్తి గాజు మీద చూసుకో. షాపు మూసేసిన రోజు నా సొరుగులో పదకొండు అసలు కాగితాలు మిగిలాయి. అందులో మూడు పదో తరగతి మెమోలు. ఎవరైనా వస్తారేమోనని బీరువాలో దాచాను. ఇంతవరకు ఒక్కరూ రాలేదు.

ఆశీస్సులతో,
మామయ్య