అబ్బాయి పోలీస్ అవుతానంటున్నాడు, 529లో ఉన్న డబ్బు ఏం చేయాలి?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో ఉంటాం. ఇద్దరం సాఫ్ట్‌వేరే. ఆదాయం కలిపి ఏడాదికి 3 లక్షల డాలర్ల దాకా ఉంటుంది. నిరుడే అందరికీ గ్రీన్ కార్డులొచ్చాయి. బాబుకి 18 నిండాయి. యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) సీటొచ్చినా వద్దని, ఎవర్‌గ్రీన్ వ్యాలీ కమ్యూనిటీ కాలేజీలో అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్ చదివి పోలీస్ ఆఫీసర్ అవుతానంటున్నాడు. వాడి ఆరో ఏట తెరిచిన 529 (పిల్లల చదువుకు పన్ను మినహాయింపుతో దాచుకునే) ఖాతాలో 1,40,000 డాలర్లున్నాయి, అందులో మేం కట్టింది 80,000. పాపకి 12. ఆ డబ్బు తీసి ఇంటి లోనుకు కట్టేయమని ఓ ఫ్రెండ్ అంటున్నాడు. అసలు ఈ చదువుతో వాడు స్థిరపడతాడా?

జవాబు: ముందు మీ ఫ్రెండ్ సంగతి. చదువుకు కాకుండా 529 నుంచి డబ్బు తీస్తే, పెరిగిన 60 వేల మీద ఫెడరల్ ఆదాయపు పన్ను, 10 శాతం పెనాల్టీ, కాలిఫోర్నియా పన్ను, దాని మీద రాష్ట్రం వేసే మరో 2.5 శాతం పడతాయి. మీ ఆదాయానికి లెక్కేస్తే 24, 10, 9.3, 2.5 కలిపి 45.8 శాతం. అంటే 27 వేల డాలర్ల పైచిలుకు ఊరికే పోతుంది. ఇంటి లోను మీద ఆదా అయ్యే వడ్డీ కోసం ఇంత పన్ను కట్టడం నాకైతే సమంజసంగా కనిపించడం లేదు.

అలాగని ఈ చదువుకు ఆ డబ్బంతా ఖర్చు కాదు. రాష్ట్ర నివాసులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి కావలసిన 60 యూనిట్లకు 2,760. పుస్తకాలు, పార్కింగ్ వేరే. మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్ టైమ్ చదివేవాళ్లకు ఆ ఫీజు కూడా రెండేళ్లు మాఫీ చేసే ప్రామిస్ పథకం చాలా కాలేజీల్లో ఉంది. ‘మా ఆదాయానికి ఏమీ రాదులే’ అనుకోకుండా ఫాఫ్సా (విద్యార్థులకిచ్చే ప్రభుత్వ ఆర్థిక సాయం) ఫారం నింపించండి. పన్నులో ఇచ్చే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ మాత్రం మీకు రాదు, దంపతుల ఆదాయం 1,80,000 దాటితే అది సున్నా. అదే యూసీ హాస్టల్‌లో ఉండి చదివితే అన్నీ కలిపి ఏడాదికి 40 వేలకు పైనే అవుతుంది. అంటే మూడున్నర ఏళ్లలో మీ ఖాతా ఖాళీ.

కాబట్టి ఫీజు గురించి టెన్షన్ పడొద్దు. అసలు ఖర్చు మీరు చూడని చోట ఉంది. అది డిగ్రీకి, ఉద్యోగానికి మధ్య వచ్చే ఖాళీ. వాడు 20 ఏళ్లకు అసోసియేట్ డిగ్రీ పూర్తి చేస్తాడు. కానీ 2022 నుంచి కాలిఫోర్నియాలో పోలీస్ ఆఫీసర్‌గా చేరాలంటే 21 నిండాలి. ఇక పౌరసత్వం. 2023 జనవరి 1 నుంచి అది తప్పనిసరి కాదు, పని చేసే చట్టబద్ధమైన అనుమతి ఉంటే రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది. వాడికి గ్రీన్ కార్డుంది కాబట్టి దారి మూసుకుపోలేదు. అయినా చేరాలనుకున్న డిపార్ట్‌మెంట్ నిబంధన ఏమిటో వాడే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఎఫ్‌బీఐ స్పెషల్ ఏజెంట్ కావాలంటే పౌరసత్వం, బ్యాచిలర్ డిగ్రీ, 23 ఏళ్ల వయసు, పని అనుభవం అన్నీ ఉండాల్సిందే. గ్రీన్ కార్డొచ్చి అయిదేళ్లయ్యే సరికి, అంటే వాడి 22వ ఏట పౌరసత్వానికి అర్హత వస్తుంది. 90 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఆ ఖాళీని ఇంట్లో కూర్చుని గడపకూడదు. నా ఓటు బ్యాచిలర్ డిగ్రీకే. ట్రాన్స్‌ఫర్‌కు పనికొచ్చే అసోసియేట్ డిగ్రీ తీసుకుంటే కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. శాన్ హోసే స్టేట్‌లోనే వస్తుందన్న హామీ లేదు. అక్కడ ట్యూషన్ 2025-26లో 6,450 డాలర్లు, క్యాంపస్ ఫీజులు అదనం. సబ్జెక్టు జస్టిసే కానక్కర్లేదు. అకౌంటింగ్ చదివినవాడు రేపు ఆర్థిక నేరాల విభాగానికి పనికొస్తాడు, పోలీస్ ఉద్యోగం కుదరకపోయినా బతుకుతాడు. పోలీస్ ఎంపికలో వడపోత గట్టిగా ఉంటుంది మరి. పాలీగ్రాఫ్, మానసిక పరీక్ష, ఇరుగుపొరుగులను విచారించడం, చివరికి అప్పుల చరిత్ర కూడా. క్రెడిట్ కార్డు బాకీలు, కలెక్షన్‌కు వెళ్లిన బిల్లులు చూసి పక్కన పెట్టే డిపార్ట్‌మెంట్లున్నాయి. 18 ఏళ్లకు కార్డు చేతికొస్తుంది, ఫోన్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్ యాప్ ఎలాగూ ఉంటుంది. ఇప్పుడే మాట్లాడండి.

పోలీస్ శిక్షణ ఇచ్చే అకాడమీ విషయంలో ఒకటే మాట. రాష్ట్రం పెట్టిన కనీస శిక్షణ 664 గంటలు, మామూలుగా ఆరు నెలలు పడుతుంది. డిపార్ట్‌మెంట్ ముందే ఉద్యోగంలోకి తీసుకుని పంపితే ఆ ఆరు నెలలూ జీతమొస్తుంది. సొంత డబ్బుతో వెళితే ఫీజు, యూనిఫాం, సామగ్రికి వేల డాలర్లవుతాయి, జీతం ఉండదు, చివర్న ఉద్యోగం వస్తుందన్న హామీ కూడా ఉండదు. మొదటి దారి కోసం ఏడాది ఆగినా నష్టం లేదు.

స్థిరపడతాడా అన్నారు. బే ఏరియాలో చాలా నగరాల్లో మొదటి జీతమే లక్ష డాలర్లు దాటుతోంది. నా దృష్టిలో అంతకన్నా విలువైంది పెన్షన్. కాల్‌పర్స్ (రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పెన్షన్ వ్యవస్థ) కింద ఇప్పుడు కొత్తగా చేరే పోలీసులకు, 57 ఏళ్లకు రిటైరైతే చేసిన ప్రతి ఏడాదికీ జీతంలో 2.7 శాతం చొప్పున పెన్షనిచ్చే లెక్క చాలాచోట్ల ఉంది. 22వ ఏట చేరి 57 దాకా చేస్తే 35 ఏళ్లకు 94.5 శాతం, అదీ బతికున్నంత కాలం. లెక్కలోకి తీసుకునే జీతానికి పరిమితి ఉంటుంది, వాడి జీతంలోంచీ కోత ఉంటుంది. శాన్ హోసే నగరానికి సొంత పెన్షన్ వ్యవస్థ ఉంది, దాని లెక్క వేరు. ఏదైనా, మీ ఇద్దరి 401కె రిటైర్మెంట్ పొదుపు ఖాతాలకు ఇలాంటి హామీ లేదు. మన ఊళ్లో కుర్రాడికి ఎస్సై ఉద్యోగమొస్తే స్వీట్లు పంచుతాం, దానికోసం అశోక్‌నగర్‌లో ఏళ్లకేళ్లు గదులు అద్దెకు తీసుకుని చదివే పిల్లలున్నారు. ఇక్కడ మాత్రం నలుగురిలో చెప్పుకోవడానికి వెనకాడుతున్నాం.

ఇక 529. వాడు ఉద్యోగంలో చేరేదాకా ఆ ఖాతాను చదువుకు తప్ప కదపకండి. కమ్యూనిటీ కాలేజీ ఫీజు, తర్వాత రెండేళ్ల డిగ్రీ దాంట్లోంచే కట్టండి. మిగిలింది పాప పేరుకు మార్చితే పన్ను పడదు. ఖాతా 15 ఏళ్లు నిండాక, అంటే ఇంకో మూడేళ్లకు, వాడి సంపాదనను బట్టి ఏటా కొంత చొప్పున మొత్తం 35,000 దాకా వాడి రాత్ ఐఆర్ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లోకి మార్చొచ్చని ఫెడరల్ చట్టం చెబుతోంది. కాలిఫోర్నియా మాత్రం దాన్ని చదువు ఖర్చుగా ఒప్పుకోదు, పెరిగిన భాగం మీద రాష్ట్ర పన్ను, ఆ 2.5 శాతం పడతాయి. అందుకే ముందు పాప, ఆమెకూ అవసరం లేకపోతేనే రాత్.