జిమ్ విలియమ్స్‌కు డిగ్రీ లేదు, నిజమే. మరి మావాడు బీటెక్ మానేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం. ఎం-3 (మ్యాథ్స్-3), సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ రెండూ బ్యాక్‌లాగ్ పడ్డాయి. ఇంటికొస్తే మాత్రం అర్ధరాత్రి దాకా సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టడు. అమెరికాలో జిమ్ విలియమ్స్ అనే ఆయన డిగ్రీ లేకుండానే అనలాగ్ డిజైన్‌లో దిగ్గజం అయ్యాడట, తానూ అలాగే నేర్చుకుంటానని కాలేజీ మానేస్తానంటున్నాడు. ఏం చెప్పమంటారు? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీవాడు చెప్పిన మాట నిజమే, కాకపోతే సగం దగ్గర ఆపేశాడు. మిగతా సగం మీరిద్దరూ కలిసి చదవండి.

జిమ్ విలియమ్స్ 1948లో డెట్రాయిట్‌లో పుట్టారు. పొరుగున ఉండే ఒక డాక్టరు గారి వర్క్‌షాపులో చిన్నతనంలోనే ఆసిలోస్కోప్‌తో (సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే పరికరం, క్లుప్తంగా స్కోపు) పరిచయమైంది. వేన్ స్టేట్ యూనివర్సిటీలో కొన్నాళ్లు చదివింది సైకాలజీ, అదీ పూర్తి చేయలేదు. 1968లో ఎంఐటీలో అడుగుపెట్టారు. విద్యార్థిగా కాదు, పరిశోధకులకు కావలసిన కొలత పరికరాలు తయారుచేసే ఉద్యోగిగా. 1979 దాకా అక్కడే ఉన్నారు. పోషకాహార పరిశోధన కోసం అక్కడ ఆయన చేసిన కాటా 300 పౌండ్ల మనిషిని నిలబెట్టినా 0.01 పౌండు తేడాను చూపించేది. అంటే దాదాపు 136 కిలోల మీద నాలుగున్నర గ్రాములు. ఆ డిజైన్ వివరాలు 1976లో ఈడీఎన్ అనే ఎలక్ట్రానిక్స్ పత్రికలో వచ్చాయి. తర్వాత మూడేళ్లు నేషనల్ సెమీకండక్టర్, 1982 నుంచి 2011 జూన్‌లో కన్నుమూసే వరకు లీనియర్ టెక్నాలజీ. రెండూ చిప్‌ల కంపెనీలే.

ఇంజినీరింగ్ కాలేజీ నాలుగేళ్లలో ఇవ్వాల్సినదాన్ని ఆయన పదకొండేళ్లు ల్యాబ్ బల్ల దగ్గర కూర్చుని సంపాదించుకున్నారు. ఆ బల్ల మీద మంచి పరికరాలుండేవి. చేసిచ్చినదాన్ని వాడి చూసి, పనిచేయకపోతే మొహం మీదే చెప్పే శాస్త్రవేత్తలు చుట్టూ ఉండేవారు. మీ అబ్బాయి కాలేజీ మానేస్తే ముందుగా పోయేది ఆ ల్యాబే. 100 మెగాహెర్ట్జ్ స్కోపు, ఫంక్షన్ జనరేటర్, డ్యుయల్ పవర్ సప్లై ఇంట్లో సమకూర్చుకోవడం తేలిక కాదు. కాలేజీలో అవి సాయంత్రం నాలుగు తర్వాత చాలావరకు ఖాళీగానే ఉంటాయి. ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోమనండి.

ఉద్యోగం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 1968లో అక్కడ తెరుచుకున్న తలుపు ఇప్పుడు ఇక్కడ తెరుచుకోదు. బెంగళూరులోనైనా హైదరాబాద్‌లోనైనా సెమీకండక్టర్ కంపెనీలు దరఖాస్తు ఫారంలో మొదట అడిగేది డిగ్రీ. అది లేకపోతే అతను చేసిన సర్క్యూట్ చూడగలిగిన ఇంజినీరు దాకా ఆ కాగితమే చేరదు. కాబట్టి మానేయొద్దు.

అలాగని సోల్డరింగ్ ఐరన్ లాగేసుకోకండి. విలియమ్స్ నుంచి మీవాడు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. చేసిన ప్రతి సర్క్యూట్‌నూ ఆయన కొలిచేవారు, కొలిచినదాన్ని రాసేవారు. అలా 350కి పైగా వ్యాసాలు, అప్లికేషన్ నోట్లు (చిప్‌ను ఎలా వాడాలో కంపెనీ ఇచ్చే వివరణలు) వచ్చాయి. 1991లో వచ్చిన అప్లికేషన్ నోట్ 47 తెరిచి చూడమనండి. లీనియర్ టెక్నాలజీ 2017లో అనలాగ్ డివైసెస్‌లో కలిసింది కాబట్టి ఆ కంపెనీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక భాగం మొత్తం పొరపాట్ల గ్యాలరీ. ప్రోబ్ గ్రౌండ్ సరిగా లేకపోతే, సప్లై దగ్గర బైపాస్ కెపాసిటర్ లేకపోతే, కేబుల్ చివర టర్మినేషన్ (సరిపడే రెసిస్టర్) లేకపోతే స్కోపు తెర మీద ఏం కనిపిస్తుందో ఫొటోలు తీసి, ఒక్కోదానికీ కారణం రాశారు. చెడిపోయిన వేవ్‌ఫాంను దాచకుండా అచ్చు వేయడమే నాకు ఆయనలో అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. మీ అబ్బాయి నోట్‌బుక్‌లో అలాంటి పేజీలు ఉన్నాయా? ఒకసారి అడిగి చూడండి.

లేకపోతే ఈ సర్క్యూట్‌తో మొదలుపెట్టమనండి: బల్బుతో నిలబడే వీన్ బ్రిడ్జ్ ఆసిలేటర్, అంటే సైన్ వేవ్‌ను పుట్టించే సర్క్యూట్. 1939లో స్టాన్‌ఫర్డ్‌లో బిల్ హ్యూలెట్ చేసినది, హెచ్‌పీ కంపెనీ మొదటి ఉత్పత్తికి ఆధారం అదే. విలియమ్స్ దశాబ్దాల తర్వాత మళ్లీ దాన్నే పట్టుకుని, డిస్టార్షన్ (వేవ్ ఆకారంలో వచ్చే వికారం) తగ్గిస్తూ పోయి, దాని మీద వ్యాసం రాశారు.

కావలసినవి తక్కువే. ఎన్‌ఈ5532 ఐసీ (ఆప్‌యాంప్, అంటే యాంప్లిఫయర్ చిప్) ఒకటి. 10 కిలోఓమ్‌ల ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు రెండు. 15 నానోఫారడ్ కెపాసిటర్లు రెండు, పైన 153 అని ఉంటుంది, తప్పనిసరిగా పాలియెస్టర్ ఫిల్మువే. మామూలు సెరామిక్‌వి తీసుకుంటే వోల్టేజీతో పాటు విలువ మారి సైన్ వేవ్ ఆకారం చెడుతుంది. 28 వోల్టుల 40 మిల్లీఆంప్ చిన్న బల్బు, ఒక కిలోఓమ్ మల్టీటర్న్ ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్), 100 నానోఫారడ్‌లు రెండు, ప్లస్ మైనస్ 12 వోల్టుల సప్లై. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే చాలావరకు దొరుకుతాయి. బ్రెడ్‌బోర్డు వద్దు. కాపర్ క్లాడ్ బోర్డు ముక్క మీద ఐసీని చచ్చిన బొద్దింకలా కాళ్లు పైకి పెట్టి అంటించి, రాగి పొరనే గ్రౌండ్‌గా వాడి, గాల్లోనే తీగలు కలపాలి. 100 నానోఫారడ్‌లు సప్లై కాళ్లకు ఆనుకునే ఉండాలి.

లెక్క ప్రకారం 1061 హెర్ట్జ్ రావాలి. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఆర్‌సీ భాగం (ఆ రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు) సిగ్నల్‌ను మూడో వంతుకు తగ్గిస్తుంది, ఫేజ్ తేడా సున్నా. కాబట్టి యాంప్లిఫయర్ గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ సంఖ్య) సరిగ్గా 3 ఉండాలి. కొంచెం తగ్గినా ఊగడం ఆగిపోతుంది, కొంచెం పెరిగినా వేవ్ తలలు తెగి చదునవుతాయి. ఆ సరిగ్గా 3ని కాపాడేది బల్బు. ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ (ఐసీలో మైనస్ గుర్తున్నది) నుంచి గ్రౌండ్‌కు బల్బు, ఔట్‌పుట్ నుంచి అదే ఇన్‌పుట్‌కు ప్రీసెట్. ఔట్‌పుట్ పెరిగితే ఫిలమెంట్ వేడెక్కి రెసిస్టెన్స్ పెరుగుతుంది, గెయిన్ తగ్గుతుంది. బల్బు వెలుగు కంటికి కనిపించదు, ఆ మాత్రం వేడి చాలు.

చల్లని బల్బు 70 ఓమ్‌లు ఉందనుకోండి, ప్రీసెట్ 140 దాటితేనే ఆసిలేషన్ మొదలవుతుంది. 300 దగ్గర పెట్టి, ఔట్‌పుట్ 3 వోల్టుల ఆర్‌ఎంఎస్ ప్రాంతంలో ఉండేలా సరిచేయాలి. బల్బు, ప్రీసెట్ స్థానాలు తారుమారైతే ఔట్‌పుట్ పెరిగేకొద్దీ గెయిన్ ఇంకా పెరుగుతుంది, తెర మీద దాదాపు స్క్వేర్ వేవ్ కనిపిస్తుంది. సైన్ వేవ్ మీద నూగులా సన్నటి గజిబిజి ఉంటే సప్లై కెపాసిటర్లు దూరంగా ఉన్నట్టు, లేదా ఔట్‌పుట్‌కు పొడవాటి కేబుల్ నేరుగా తగిలించినట్టు. 100 ఓమ్‌లు సిరీస్‌లో పెట్టి చూడాలి. తర్వాత కెపాసిటర్లు తీసి ఒక మైక్రోఫారడ్‌వి పెట్టమనండి. 16 హెర్ట్జ్ వస్తుంది, కానీ ఆకారం చెడుతుంది. అంత నెమ్మదిగా ఊగినప్పుడు ఒక్క సైకిల్ లోపలే ఫిలమెంట్ వేడెక్కి చల్లారుతూ గెయిన్‌ను మార్చేస్తుంటుంది.

ఇదంతా నాలుగు పేజీలు రాయాలి. కొలవకముందు ఏం వస్తుందనుకున్నాడో, కొలిస్తే ఏం వచ్చిందో, తేడా ఎందుకో, స్కోపు ఫొటోలతో సహా. నెలకొక సర్క్యూట్ చొప్పున చేస్తే చివరి సంవత్సరం ముగిసేసరికి ఇరవై పైన వ్రాతలు చేతిలో ఉంటాయి. అప్లికేషన్స్ ఇంజినీర్, బెంచ్ వాలిడేషన్ (ల్యాబ్‌లో చిప్‌ను కొలిచి పరీక్షించే) ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఈ నోట్‌బుక్ బాగా పనికొస్తుంది. ఐసీ డిజైన్‌లోకి వెళ్లాలంటే గేట్ రాసి మంచిచోట ఎంటెక్ చేయడం మేలైన దారి. ఐఐటీ మద్రాసు ఆచార్యుల అనలాగ్ పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఉచితం, ఇప్పటి నుంచే వినొచ్చు. లేఅవుట్ కోర్సుల్లో వేలకు వేలు కట్టే ముందు ఒక్కటి గుర్తుంచుకోండి, లేఅవుట్ (చిప్ మీద భాగాల అమరిక గీయడం) వేరు, సర్క్యూట్ డిజైన్ వేరు.

భద్రత గురించి ఒక్క మాట. మొబైల్ ఛార్జర్లు, ఎస్‌ఎంపీఎస్‌లు విప్పి కరెంటు ఉండగా మెయిన్స్ వైపు స్కోపు ప్రోబ్ పెట్టనివ్వకండి. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ నేరుగా ఎర్త్‌కు కలిసి ఉంటుంది, లైవ్‌కు తగిలితే పేలుతుంది.

మీ ఇద్దరి మధ్య ఒక ఒప్పందం చేసుకోండి. వారానికి పది గంటలు సర్క్యూట్ల పని, మీరు అడ్డు చెప్పకూడదు. పరీక్షలకు ముందు మూడు వారాలు సోల్డరింగ్ ఐరన్‌ను బీరువాలో పెట్టేయాలి. ఇక ఆ బ్యాక్‌లాగ్. పైన చెప్పిన మూడో వంతు, సున్నా ఫేజ్ ఎక్కడి నుంచి వచ్చాయో, 16 హెర్ట్జ్ దగ్గర చెడిన వేవ్‌ఫాంలో 48 హెర్ట్జ్ ఎందుకు కనిపిస్తుందో మీవాణ్ణి అడగండి. మొదటిదానికి ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ కావాలి, రెండోదానికి ఫోరియర్ సిరీస్. అతను తప్పిన సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ సిలబస్‌లో ఆ రెండూ ఉన్నాయి. సప్లిమెంటరీ ఫీజు ఈ నోటిఫికేషన్‌లోనే కట్టించండి, ఆసిలేటర్ నోట్‌బుక్ పక్కన పెట్టుకునే ఆ చాప్టర్లు చదవమనండి.