పాఠకుల ప్రశ్నలు: ఖాకీ బాతులకి తెల్ల పిల్లలేంటి?

ఈసారి ఉత్తరాల్లో సగం బాతుల మీదే. డెల్టాలో కోతలు అయిపోయి మందలు చేలల్లోకి దిగే రోజులు కదా, అందుకేమో. ఇప్పుడు బెజవాడలో కూర్చుని జవాబులు రాస్తున్నా గానీ, పశువుల డాక్టరుగా తెనాలి, దుగ్గిరాల కాలవ గట్ల మీద పాతికేళ్లు తిరిగినవాణ్ణి, కాబట్టి ఇవి చదువుతుంటే హుషారుగానే ఉంది.

డాక్టర్ గారూ, మూడేళ్ల కిందట ఖాకీ క్యాంప్‌బెల్ అనే గుడ్ల జాతి బాతులని చెప్పి నాకు 50 పిల్లలు అమ్మారు. పెరిగాక అన్నీ గోధుమరంగే. వాటి గుడ్లు పొదుగు కోడి కింద పెడితే ఈసారి 24 పిల్లల్లో మూడు పసుప్పచ్చగా పుట్టి, ఈకలొచ్చాక పాలలా తెల్లబడ్డాయి. నన్ను మోసం చేశారా? (దుగ్గిరాల దగ్గర రైతు)

కాస్త మోసమే. నేనూ ఒకసారి ఇలాగే కొని మా ఆవిడ చేత చీవాట్లు తిన్నాను, కాబట్టి సిగ్గుపడకండి. మీ మందలో ఎక్కడో పెకిన్ అనే తెల్ల మాంసం బాతు రక్తం కలిసింది. పెకిన్ తెలుపు దాగి ఉండే గుణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలు వస్తేనే పిల్ల తెల్లగా ఉంటుంది, ఒక్కటే వస్తే పైకి రంగు బాతే, లోపల మాత్రం తెలుపుని మోస్తూ ఉంటుంది. అలా మోసేవి రెండూ జతకడితే నాలుగింట ఒకటి తెల్లది పుడుతుంది. చైనా శాస్త్రవేత్తలు మల్లార్డు అనే అడవి బాతునీ పెకిన్‌నీ కలిపి, వాటి మనవల తరంలో వెయ్యికి పైగా బాతుల్ని పరీక్షించి, 2018లో దీని మూలం పట్టుకున్నారు. రంగు కణాల్ని నడిపించే ఎంఐటీఎఫ్ అనే జన్యువు మధ్యలో ఒక పెద్ద డీఎన్ఏ ముక్క దూరి కూర్చుంది, తెల్లదనమంతా దానివల్లే.

ఇప్పుడు ఏ మగబాతు మోస్తోందో పట్టుకోవాలి. తెల్ల పిల్లల్లో ఆడవి పెరిగాక, అనుమానం ఉన్న మగబాతు ఒక్కదాన్నే వాటితో విడిగా దడిలో పెట్టండి. అది తెలుపు మోసేదైతే పిల్లల్లో దాదాపు సగం పచ్చగా పుడతాయి. పదికి పదీ రంగువే పుడితే దాన్ని నిశ్చింతగా ఉంచుకోవచ్చు, ఎందుకంటే తెలుపు మోసే మగబాతుకి అలా జరిగే అవకాశం 1024లో ఒక్కటే.

ఇంకో మాట. ఈ ఖాకీ క్యాంప్‌బెల్ కూడా ఏమంత స్వచ్ఛమైన వంశం కాదండీ. ఇంగ్లండులో గ్లోస్టర్‌షైర్‌లో అడెల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ సుమారు 1900 ప్రాంతంలో ఇండియన్ రన్నర్‌నీ, రూవెన్ బాతునీ, మల్లార్డునీ కలిపి తయారు చేసిందే. ఆ ఇండియన్ రన్నర్‌కి మన ఇండియాతో సంబంధం లేదు, దాని ఊరు ఇండోనేషియా దీవులు. గుడ్ల కోసమే పెంచుకునేటట్టయితే మూడు తెల్లవి పుట్టాయని టెన్షన్ పడక్కర్లేదు. ఖాకీ పిల్లలని పేరు పెట్టి అమ్ముకోవాలనుకుంటేనే ఈ శ్రమంతా.

మాది 42 బాతుల మంద. 40 ఆడవి, రెండు మగవి. ఐదేళ్లుగా బయటి బాతుని తేలేదు, మా పిల్లల్లోంచే మంచి మగవాటిని ఉంచుకుంటున్నాం. మొదట్లో పదికి ఎనిమిది గుడ్లు పిల్లలయ్యేవి, ఇప్పుడు ఐదు కూడా కావడం లేదు. మేత మార్చాలా? (పొన్నూరు)

మేత సంగతి తర్వాత, ముందు మగబాతుల్ని మార్చండి. మీకు కళ్లకి 42 కనిపిస్తున్నాయి గానీ ప్రతి పిల్లకీ తండ్రి ఆ రెండింట్లో ఒకటే. దీనికో లెక్క ఉంది: మగవాటి సంఖ్యని ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగింతలు చేసి, మొత్తం బాతులతో భాగించాలి. మీ మందకి 320ని 42తో భాగిస్తే ఏడున్నర వస్తుంది. అంటే జన్యువుల లెక్కలో మీది ఎనిమిది బాతుల మంద కూడా కాదు. ఇలా సాగితే ఒక్కో తరానికి దాదాపు ఆరున్నర శాతం చొప్పున దగ్గరి రక్తం పెరుగుతూ పోతుంది, అది మొట్టమొదట దెబ్బకొట్టేది గుడ్డులోని పిండాన్నే. అదే మగవి ఆరు ఉంటే లెక్క 21కి చేరుతుంది. మగబాతులు దండగ మేత అని తీసేస్తాం చూడండి, అసలు చిక్కు అక్కడే.

వేరే ఊళ్లో, మీతో ఎప్పుడూ పిల్లలు మార్చుకోని మంద నుంచి నాలుగైదు మగవాటిని తెచ్చుకోండి. నెల్లూరు వైపు నుంచి మందలతో వచ్చేవాళ్లని అడిగినా ఇస్తారు. కాకపోతే తెచ్చిన రోజే మందలో కలపొద్దు, రెండు మూడు వారాలు విడిగా ఉంచి చూడండి. మగదో కాదో తేల్చుకోవడానికి తోక చూడండి, పెద్దయిన మగదానికి తోక మీద ఈకలు ఉంగరంలా పైకి మెలి తిరిగి ఉంటాయి. గొంతు కూడా బొంగురే, గట్టిగా బెక్‌బెక్‌మని అరిచేది ఆడది. అడవి మల్లార్డు మగదానికీ ఇదే ఉంగరపు ఈక ఉంటుంది.

మా బాతులు ఎందుకు ఎగరవు? పొదగవు కూడా. కొల్లేటి బాతులూ ఇవీ ఒకటేనా? (గుంటూరు, డిగ్రీ విద్యార్థిని)

ఒకటి కాదమ్మా. కొల్లేట్లో ఏడాది పొడుగునా కనిపించే, ముక్కు కొసన పసుపు మచ్చ ఉన్న బాతు వేరే జాతి, మన పెంపుడు వాటికి దాయాది వరస. మన వాటి మూలం మల్లార్డు. చైనాలో రెండు వేల ఏళ్లకి పైగానే దీన్ని పెంచుతున్నారు. ఎగిరి పారిపోయేదాన్ని ఎవరూ ఉంచుకోరు కదా, గుడ్లు పెట్టడం ఆపేసి పొదుగుడు కూర్చునేదాన్నీ అంతే, ముందు దాన్నే కూర వండుకుంటారు. ఎగరనిదీ, పొదగనిదీ, బరువైనదీ మిగిలి దాని పిల్లలే పెరుగుతూ వచ్చాయి. డార్విన్ అడవి బాతుల, పెంపుడు బాతుల ఎముకల్ని తూచి పోల్చి చూశాడు. ఒంటి ఎముకల మొత్తం బరువుతో చూస్తే పెంపుడు దాని రెక్క ఎముకలు తేలిక, కాళ్లవి బరువు. మాంసం బాతుల్లో అయితే ఇంకో తమాషా ఉంది, పైన చెప్పిన 2018 పరిశోధనలోదే. ఐజీఎఫ్2బీపీ1 అనే జన్యువు మల్లార్డులో పిల్ల పుట్టాక పని ఆపేస్తుంది, పెకిన్‌లో ఆపదు. దానివల్ల ఒళ్లు 15 శాతం పెద్దదవుతుంది, తిన్న మేత కూడా ఇంకాస్త బాగా ఒంటబడుతుంది.

కొన్ని గుడ్లు ఆకుపచ్చగా వస్తున్నాయి. పాడైనట్టా? (కృష్ణలంక)

శుభ్రంగా తినండి. పెంకుకి ఆ రంగునిచ్చేది పైత్యరసంలో ఉండే ఆకుపచ్చటి పదార్థమే. అది ఎంత చేరాలన్నది ఆ బాతు వంశాన్ని బట్టి ఉంటుంది, లోపలి సొనకి ఏ తేడా లేదు. ఒకే బాతు ఎప్పుడూ అదే రంగు గుడ్డు పెడుతోందో లేదో నాలుగు రోజులు చూడండి, మీకే తెలుస్తుంది.

ముఖం మీద ఎర్రటి కండ ఉన్న మగబాతుని మామూలు బాతుల్లో వదిలాం. పుట్టిన పిల్లలు బలంగా పెరిగాయి గానీ వాటికి పిల్లలు లేవు. (ఉయ్యూరు)

అది మస్కోవీ, అమెరికా ఖండం బాతు, మల్లార్డు వంశం కానే కాదు. గాడిదకీ గుర్రానికీ పుట్టిన కంచర గాడిద లాంటివే మీ పిల్లలు: మాంసానికి బాగుంటాయి, సంతానం ఉండదు. ఎదురు చూడకుండా అమ్మేసుకోండి. మస్కోవీ మంద విడిగా కావాలంటే మస్కోవీ ఆడవాటినే తేవాలి. వాటి గుడ్లు మామూలు బాతు గుడ్లలా 28 రోజులకి పగలవు, 35 రోజులు పడుతుంది, నాలుగో వారం దాటగానే మురిగిపోయాయని పారేయకండి.